కీబోర్డు కొనే ముందు టైమ్‌టేబుల్ చూడండి

దసరా ఆఫర్లు మొదలవగానే ఒకసారి, వార్షిక పరీక్షలు అయిపోగానే మరోసారి మ్యూజిక్ టీచర్లను పేరెంట్స్ అడిగే ప్రశ్న ఒకటే. "మా వాడికి కీబోర్డు కొందామనుకుంటున్నాం సార్. కొనేదేదో ఒకేసారి పెద్దదే కొంటే పోదా?" ఈ మధ్య ఆ "పెద్దది" అంటే మామూలు కీబోర్డు కాదు, ఆర్కెస్ట్రా వాళ్లు స్టేజి మీద వాయించే పర్ఫార్మెన్స్ సింథసైజర్. పిల్లలు యూట్యూబ్‌లో చూసి మోడల్ నంబరుతో సహా అడుగుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లు నిండని పిల్లలకు సింథసైజర్ వద్దు. డబ్బు లేకపోతే వద్దని కాదు, ఉన్నా వద్దు. కారణాలు వినండి.

రెండూ ఒకేలా కనిపిస్తాయి, పని వేరు

మామూలు కీబోర్డుకు స్పీకర్లు అందులోనే ఉంటాయి. ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే మోగుతుంది. ఎడమచేత్తో కార్డు పట్టుకుంటే తాళం, బేస్, తోడు వాయిద్యాలు అదే వాయించి పెడుతుంది. కుడిచేత్తో పాట పలికిస్తే చాలు, వారం రోజుల్లో ఇంట్లో అందరూ గుర్తుపట్టే పాట ఒకటి వస్తుంది. ఆ ఉత్సాహం పిల్లలకు చాలా అవసరం. యమహా పీఎస్‌ఆర్-ఐ500 లాంటి మోడళ్లలో తంబురా, తబలా కూడా ఉన్నాయి. పాట నేర్చుకునే పిల్లలు శ్రుతి పెట్టుకుని సాధన చేసుకోవచ్చు.

సింథసైజర్ సంగతి వేరు. వాయించే మనిషి తనకు కావలసిన ధ్వనిని తానే మలుచుకోవడానికి, రెండు మూడు ధ్వనులను ఒకదానిమీద ఒకటి కలుపుకోవడానికి, ఏ పాటకు ఏం కావాలో ముందే సిద్ధం చేసి పెట్టుకోవడానికి దాన్ని తయారు చేశారు. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, ఎక్స్‌పీఎస్-30, జూనో-డీఎస్, యమహా ఎంఓడీఎక్స్ ఈ కోవలోవి. వీటిలో దేనికీ సొంత స్పీకర్లు ఉండవు. స్టేజి మీద సౌండ్ సిస్టమ్ ఉంటుంది కాబట్టి అక్కడ వాటి అవసరం లేదు. ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే మాత్రం ఏమీ వినిపించదు. హెడ్‌ఫోన్సో, విడిగా స్పీకరో కొనాలి. పైగా ఎడమచేతి కార్డును బట్టి నడిచే తోడు వాయిద్యం వీటిలో సాధారణంగా ఉండదు. చేతులు ఇంకా కుదరని పిల్లవాడికి ఇది ఖాళీ స్లేటు ఇచ్చి వ్యాసం రాయమన్నట్టు ఉంటుంది.

ధరలోనూ తేడా ఎక్కువే. నేర్చుకోవడానికి సరిపోయే 61 కీల కీబోర్డు 15 వేలకు అటూ ఇటూగా దొరుకుతుంది. అయితే మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికేదే తీసుకోవాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు. సింథసైజర్లు 40 వేలు దాటాకే మొదలై లక్ష కూడా దాటుతాయి. స్టాండు, స్పీకరు, కేబుళ్లు, బ్యాగు ఖర్చు అదనం.

ఇంకొక మాట. మీ అమ్మాయి నేర్చుకోవాలనుకుంటున్నది పియానో అయితే ఈ రెండూ సరిపోవు. దానికి 88 కీలు, నొక్కితే బరువు తెలిసే కీలు ఉన్న డిజిటల్ పియానో కావాలి. ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షల్లో పియానో, ఎలక్ట్రానిక్ కీబోర్డు వేర్వేరు సబ్జెక్టులు. ఏ పరీక్షకు వెళ్లాలనుకుంటున్నారో తేల్చుకుని, ఆ సిలబస్‌లో వాయిద్యం గురించి ఏం రాశారో చదివాకే షాపుకు వెళ్లండి.

ధర పిల్లల మీద అప్పు కాకూడదు

ఇక అసలు విషయం. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట ఒక్కసారి తలెత్తి చూస్తూ నడవండి. ఎటు చూసినా ర్యాంకుల ఫోటోలే. మన పిల్లలు స్కూలుకు, ట్యూషన్‌కు, ఫౌండేషన్ క్లాసుకు వెళ్లేది ఆ దారిలోనే. ఆరు, ఏడు తరగతుల్లో ఎంతో ఇష్టంగా మొదలైన సంగీతం తొమ్మిదికి వచ్చేసరికి ఆదివారానికి కుదించుకుపోతుంది. పదో తరగతిలో కీబోర్డు అటక ఎక్కుతుంది. ఇది ఒక ఇంటి కథ కాదు, పిల్లల తప్పు అంతకన్నా కాదు.

15 వేల కీబోర్డు అటక ఎక్కితే మనం మర్చిపోతాం. 80 వేలది ఎక్కితే అది ప్రతి గొడవలోనూ కిందికి దిగుతుంది. మార్కులు తగ్గినా, సెల్‌ఫోన్ ఎక్కువ చూసినా, కొత్తగా ఏదైనా అడిగినా "అంత పోసి కొన్నాం, ఏం చేశావు?" అనే మాట వస్తుంది. మనం మనసులో పెట్టుకుని అనకపోవచ్చు. కానీ విన్న పిల్లవాడికి సంగీతం అంటే తీర్చని బాకీ అనిపిస్తుంది. ఇంటర్ అయ్యాకో, ఉద్యోగం వచ్చాకో మళ్లీ ముట్టుకోవాలన్న కోరిక అక్కడితో పోతుంది. ఖరీదైన వాయిద్యం చేసే నష్టం డబ్బుతో ఆగదని నేను అనేది ఇందుకే.

అందుకని కొనే ముందు ఒక కాగితం తీసుకుని మీ పిల్లల వారం మొత్తం రాయండి. స్కూలు, ప్రయాణం, ట్యూషన్, హోమ్‌వర్క్, భోజనం, నిద్ర. అందులో వారానికి ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాలు ఎక్కడ ఖాళీ ఉందో చూడండి. ఉంటే గుండ్రంగా గీత గీసి, దాని మీద ఇంకే క్లాసూ పెట్టమని మాట ఇవ్వండి. లేకపోతే ముందు కొనాల్సింది కీబోర్డు కాదు, ఆ 20 నిమిషాలు. ఒక ట్యూషన్ మానిపించాల్సి వస్తుందేమో, ఆలోచించండి. ఆ తర్వాత మూడు నెలలు అరువు తెచ్చిన కీబోర్డు మీదో, అద్దెకు తీసుకున్నదాని మీదో నడిపించి చూడండి.

ఏ.ఆర్. రెహమాన్‌ను చూడండి అని కొందరు పేరెంట్స్ అంటారు. సరే, చూద్దాం. తండ్రి ఆర్.కె. శేఖర్ 1976లో చనిపోయాక ఆ కుటుంబం ఆయన వాయిద్యాలను అద్దెకిస్తూ గడుపుకొచ్చింది. ఆ అబ్బాయి చిన్న వయసులోనే కీబోర్డు పట్టుకుని పనికి వెళ్లాడు. మన రమేశ్ నాయుడు, రాజ్–కోటి దగ్గర కూడా వాయించాడు. 'రోజా' వచ్చింది 1992లో. ఆయనకు మంచి వాయిద్యాలు అందుబాటులో ఉన్న మాట నిజమే. కానీ అంతకన్నా ముఖ్యం, ఏళ్ల తరబడి పెద్దవాళ్ల పక్కన కూర్చుని రోజూ వాయించాల్సి రావడం. అది ఏ షాపులోనూ అమ్మరు.

శాస్త్రీయ సంగీతం నేర్చుకునే పిల్లలకు

మన కాలనీల్లో చాలామంది పిల్లలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు. కీబోర్డులో ఒక్కో స్వరానికి ఒక్కో కీ, దాని స్థానం మారదు. గమకం పలకాలంటే స్వరం నుంచి స్వరానికి జారాలి, ఊగాలి. ఇది కొత్త తగువేమీ కాదు. హార్మోనియానికి గమకాలు రావన్న వాదనతోనే ఆకాశవాణి 1940లో దాన్ని పక్కన పెట్టింది. 1971లో గానీ ఆ ఆంక్ష సడలలేదు. ఆ కాలమంతా మన పద్యనాటకాలు మాత్రం హార్మోనియం లేనిదే నడవలేదు. అంటే వాయిద్యం తక్కువదా ఎక్కువదా అని కాదు, ఏ పనికి పెడుతున్నాం అన్నదే చూడాలి.

కీబోర్డు ఎడమవైపున ఉండే పిచ్ బెండ్ చక్రంతో గమకాలకు దగ్గరగా వెళ్లవచ్చు. దాన్ని వాడుతూ కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేసే విద్వాంసులు ఉన్నారు. కాబట్టి సంగీతం నేర్చుకునే పిల్లలకు కొనేటప్పుడు ఆ చక్రం ఉందో లేదో తప్పకుండా చూడండి. మామూలు కీబోర్డుల్లోనూ చాలావాటికి ఉంటుంది. దానికోసం సింథసైజర్ దాకా వెళ్లనక్కరలేదు. గొంతుకే ప్రాధాన్యం ఇస్తే రామ్‌కోఠిలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గరే.

మరి ఎప్పుడు కొనాలి?

ఎప్పటికీ వద్దని నేను అనడం లేదు. మూడు విషయాలు కుదిరితే కొనండి, సంతోషంగా కొనండి.

ఒకటి, ఉన్న కీబోర్డు ఎక్కడ ఆపుతోందో పిల్లలు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "పల్లవిలో వేణువు మోగుతుండగానే చరణానికి వయొలిన్లు అందుకోవాలి, మధ్యలో శబ్దం తెగకూడదు" అన్నారంటే అవసరం తెలిసిందన్నమాట. "అందరి దగ్గరా అదే ఉంది" అంటే తెలియలేదన్నమాట.

రెండు, నలుగురితో కలిసి వాయించే చోటు ఉండాలి. చర్చి క్వయర్, భజన మండలి, కాలనీ ఆర్కెస్ట్రా, స్కూలు బ్యాండు, ఏదైనా సరే. సింథసైజర్ పుట్టింది అలాంటి చోట్ల కోసమే. ఆదివారం ఆదివారం చర్చిలో వాయించే పిల్లవాడికి అది ఆడంబరం కాదు, పనిముట్టు.

మూడు, కీబోర్డులోని రెడీమేడ్ రిథమ్ ఆపేసి, రెండు చేతులతో ఒక పాట మొత్తం తాళం తప్పకుండా వాయించగలగాలి.

మధ్యేమార్గం కూడా ఒకటుంది. 1983లో మిడీ అనే ఏర్పాటు వచ్చింది. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష అది. దాన్ని ముందుకు నడిపిన జపాన్‌కు చెందిన ఇకుతారో కాకెహాషి, అమెరికాకు చెందిన డేవ్ స్మిత్‌లకు 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఆ ఏర్పాటు వల్లే ఇవాళ యూఎస్‌బీ మిడీ ఉన్న మామూలు కీబోర్డును ఒక కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో సింథసైజర్ చేసే పని చాలావరకు నేర్చుకోవచ్చు. కంప్యూటర్ అయితే సర్జ్ ఎక్స్‌టీ, ఐప్యాడ్ అయితే గ్యారేజ్‌బ్యాండ్ చాలు. ధ్వనిని మలచడం మీద ఆ పిల్లవాడికి నిజంగా ఆసక్తి ఉందో లేదో కేబుల్ ఖర్చుతోనే తేలిపోతుంది.

సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవడం నామోషీ కాదు. అటక ఎక్కిన కీబోర్డులు మన చుట్టుపక్కలే ఎన్నో ఉన్నాయి. తీసుకునేటప్పుడు ప్రతి కీనీ ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి చూడండి. పిచ్ బెండ్ చక్రం వదలగానే మధ్యకు వస్తోందా, వాల్యూమ్ తిప్పితే గరగరమంటోందా, యూఎస్‌బీ పనిచేస్తోందా, అడాప్టర్ కంపెనీదేనా అన్నవి చూడండి. మీ పిల్లలకు నేర్పే టీచర్‌ను ఒకసారి చూడమని అడగండి, ఎవరూ కాదనరు.

హెడ్‌ఫోన్స్ గురించి ఒక జాగ్రత్త. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లకు ఇబ్బంది కాకూడదని పిల్లలకు హెడ్‌ఫోన్స్ పెట్టి తలుపు వేసేస్తాం. సాధన వరకు అది మంచిదే. కానీ తన వాయింపు ఇంట్లో ఎవరికీ వినపడని పిల్లవాడు ఎక్కువ రోజులు వాయించడు. రాత్రి భోజనాలయ్యాక వారానికి రెండుసార్లయినా హెడ్‌ఫోన్స్ తీయించి ఒక్క పాట వినండి. ఆ ఐదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టండి.

స్కూలుకు ఒక విన్నపం

పేరెంట్స్‌కు ఇన్ని చెప్పి స్కూలుకు ఏమీ చెప్పకపోతే న్యాయం కాదు. కళలను "అదనం"గా చూడవద్దని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఆ మాట మన టైమ్‌టేబుల్‌లోనూ కనబడాలి. తొమ్మిది, పది తరగతులకు వారానికి ఒక్క మ్యూజిక్ పీరియడ్ ఉంచాలి, స్లిప్ టెస్టు వచ్చినా దాన్ని తీసేయకూడదు. బ్రాంచికి ఒక సింథసైజర్ స్కూలే కొని మ్యూజిక్ రూమ్‌లో పెడితే, పది మంది పిల్లలు వంతులవారీగా దాని మీద వాయించి చూస్తారు. అప్పుడు అది ఎవరికి నిజంగా కావాలో తేలుతుంది, పది ఇళ్లలో పది కొనాల్సిన పని తప్పుతుంది. వచ్చే పేరెంట్–టీచర్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక ఈ రెండూ కూడా అడగండి. టీచర్లం మేం అడిగితే ఒక మాట, ఫీజు కట్టే మీరు అడిగితే ఇంకో మాట.

— మ్యూజిక్ టీచర్, దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి