‘ఇష్టమైన పని చేస్తూ పోయాడు’ అనకండి

వింగ్‌సూట్ తొడుక్కుని కొండ కొమ్ము మీది నుండి దూకిన వ్యక్తి మరణించాడన్న వార్త వచ్చిన ప్రతిసారీ రెండు వాక్యాలు తప్పక వినబడతాయి. ‘విధి వక్రించింది’ అని పత్రికలు వ్రాస్తాయి. ‘తనకు ఇష్టమైన పని చేస్తూనే పోయాడు, ధన్యజీవి’ అని అభిమానులు అంటారు. పాఠక మిత్రులారా, ప్రభుత్వ వైద్యుడిగా ఉద్యోగకాలమంతా మరణ ధ్రువపత్రాలు వ్రాసినవాణ్ణి. మరణకారణం వ్రాయవలసిన గడిలో ఈ రెండింటికీ చోటు లేదు. విధి అని వ్రాస్తే కాగితం తిరిగి వచ్చేది. ఇష్టం అని వ్రాస్తే నన్నే పరీక్షకు పంపేవారు.

ఇది మాటల పట్టింపు అని కొట్టివేయకండి. కలరా గ్రామదేవత ఆగ్రహమని నమ్మినంత కాలం తాగునీటి వైపు ఎవరి చూపూ పోలేదు. మరణానికి అందమైన పేరు పెట్టిన క్షణాన విచారణ ఆగిపోతుంది. విచారణ ఆగిన చోట రెండవ మరణం అదే దారిలో వస్తుంది.

ఈ విద్యతో పరిచయం లేనివారికి రెండు మాటలు. విమానంలో సుమారు నాలుగు వేల మీటర్ల ఎత్తుకు వెళ్ళి దూకి, నిమిషం పాటు గాలిలో పడి, పారాచూట్ తెరుచుకుని దిగడం స్కైడైవింగ్. చేతులకు దేహానికి నడుమ, రెండు కాళ్ళ నడుమ గుడ్డ రెక్కలు కుట్టిన దుస్తులే వింగ్‌సూట్. వీటితో మనిషి కిందికి పడే వేగం తగ్గి, ముందుకు సాగే వేగం పెరుగుతుంది. ఎత్తులో ఒక మీటరు కోల్పోతే ముందుకు రెండు మూడు మీటర్లు పోవచ్చు. అయినా చివరకు దిగవలసింది పారాచూట్ మీదనే. ఇవే దుస్తులతో విమానం నుండి దూకేవారున్నారు, కొండ అంచు నుండి దూకేవారున్నారు. భవనాలు, టవర్లు, వంతెనలు, కొండలు, ఇలా నేలకు అంటుకుని ఉన్న వాటి మీది నుండి దూకడాన్ని బేస్ జంపింగ్ అంటారు. చూసేవారికి విమానమైనా కొండైనా ఒకటే. వైద్యుడి లెక్కలో ఈ రెండూ వేరువేరు వ్యాధులు.

మొదట చరిత్ర చూడండి. 1937 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని వాన్సెన్‌లో అమెరికా యువకుడు క్లెమ్ సోన్ వేల మంది చూస్తుండగా గుడ్డ రెక్కలతో ఎగిరి, పారాచూట్లు చిక్కుబడి మరణించాడు. 1956లో లివర్‌పూల్ వైమానిక ప్రదర్శనలో ఫ్రెంచి వాడు లియో వాలెంటిన్ దూకేటప్పుడు చెక్క రెక్క విమానానికి తగిలి విరిగింది. నేటి వింగ్‌సూట్‌కు రూపమిచ్చిన పాట్రిక్ ద గయార్డన్ 1998 ఏప్రిల్‌లో హవాయిలో మరణించాడు. తన పారాచూట్ సంచికి తానే కుట్టుకున్న ఒక మార్పు దానికి కారణం. ముగ్గురూ సాహసులే. అయినా మొదటివాడిది తాళ్ళ చిక్కు, రెండవవాడిది విమానపు అంచు, మూడవవాడిది కుట్టుపని. విమానం గడప దాటేటప్పుడు రెక్కలు ముడిచి ఉంచాలని నేడు ప్రతి శిష్యుడికీ మొదటి పాఠంలోనే నూరిపోస్తారు. వాలెంటిన్‌ను విధి తీసుకుపోయిందని ఊరుకుంటే ఆ ప్రమాదం ఏమిటో శిష్యుడికి అర్థమయ్యేదా? గయార్డన్ పోయిన మరుసటి ఏడు, 1999లో, ఫిన్లాండ్ వాడైన జారీ కువోస్మా, క్రొయేషియా వాడైన రాబర్ట్ పెచ్నిక్ కలిసి ఈ దుస్తులను అమ్మకానికి తెచ్చారు. దుస్తులతో పాటు శిక్షణ పద్ధతినీ తెచ్చారు. నేను మెచ్చుకునేది ఆ రెండవ పనిని.

ఇక సంఖ్యలు. అమెరికా పారాచూట్ సంఘం ఏటా తమ మృతుల లెక్కను బహిరంగంగా ప్రచురిస్తుంది. 1970వ దశకంలో సగటున ఏటా 42 మందికి పైగా చనిపోయేవారు. 2023లో సుమారు 36 లక్షల 50 వేల దూకుళ్ళకు 10 మంది చనిపోయారు. అంటే లక్ష దూకుళ్ళకు 0.27. ఒక్కో మరణానికి కారణం వెతికి, అందరికీ తెలిపి, నియమం మార్చి సాధించిన తగ్గుదల ఇది. మన ఆసుపత్రులలో ప్రసూతి మరణాల సమీక్ష చేస్తాం కదా, ఆ పనిని వీరు మైదానంలో చేస్తున్నారు. నిజం చెప్పాలంటే మనకంటే శ్రద్ధగా చేస్తున్నారు.

అయితే ఈ సంఖ్యను పట్టుకుని యువకులు మరో నినాదం మొదలుపెట్టారు: ‘దూకడం కన్నా అక్కడికి కారులో వెళ్ళడమే ప్రమాదం’. ఈ మాట కూడా అబద్ధమే. లవం చెప్పి హారం దాచిపెట్టే లెక్క ఇది. 2023లో అమెరికా రోడ్లపై పది కోట్ల మైళ్ళ వాహన ప్రయాణానికి సుమారు 1.26 మరణాలు సంభవించాయి. దానితో పోల్చి భాగహారం చేయండి. ఒక్క దూకుడులోని మరణ ప్రమాదం, అక్కడి రోడ్లపై సుమారు 340 కిలోమీటర్ల ప్రయాణానికి సమానం. హైదరాబాదులో బయలుదేరి విజయవాడ, గుంటూరు దాటి ఇంకొంత దూరం పోయినట్టు. మన రోడ్లు ఇంతకన్నా ప్రాణాంతకం గనుక ఇక్కడ ఆ దూరం తగ్గుతుంది. ఎటు చూసినా, యాభై కిలోమీటర్ల దూరంలోని మైదానానికి కారులో వెళ్ళడం దూకడమంత ప్రమాదం కాదు. ఒకసారి దూకడానికి ఇది భయపడవలసిన సంఖ్య కాదు. కానీ ఏడాదికి మూడు వందల సార్లు దూకేవాడు దీనిని మూడు వందలతో గుణించుకోవాలి.

ఇప్పుడు కొండ అంచుకు రండి. నార్వేలో షెరాగ్ అనే పర్వతం ఉంది. అక్కడ 1995 నుండి 2005 వరకు జరిగిన 20,850 బేస్ దూకుళ్ళను వైద్యులు పరిశీలించారు. తొమ్మిది మంది మరణించారు. అంటే 2,317 దూకుళ్ళకు ఒక మరణం. ప్రతి 254 దూకుళ్ళకు ఒక గాయం. పై లెక్కలోనే చూస్తే, అక్కడి ఒక్క దూకుడు అమెరికా రోడ్లపై యాభై వేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. భూమధ్యరేఖ చుట్టూ తిరిగి వచ్చినా ఇంకా మిగులుతుంది. విమానం నుండి దూకడంతో పోలిస్తే సుమారు నూట అరవై రెట్లు. ఈ రెండింటినీ ఒకే ‘సాహస క్రీడ’ అనే మాట కింద కట్టగట్టడం, జలుబునూ క్షయనూ దగ్గు అనే ఒకే పేరుతో పిలవడం వంటిది.

తేడాకు కారణం ధైర్యంలో లేదు. ఎత్తులోనూ పరికరాలలోనూ ఉంది. విమానం నుండి దూకేవాని వీపున రెండు పారాచూట్లుంటాయి. రెండవది రిజర్వ్. అమెరికాలో దానిని ప్రతి 180 రోజులకు అర్హత గల రిగ్గర్ విప్పి, పరీక్షించి, మళ్ళీ మడవాలని చట్టం. ఎక్కువ మంది వీపున ఏఏడీ అనే చిన్న యంత్రం కూడా ఉంటుంది. జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ 1991లో తెచ్చిన సైప్రెస్ ఇందులో ప్రసిద్ధం. నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తున కూడా మనిషి సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటే, రిజర్వ్ సంచిని మూసి ఉంచిన తాడును అది తనంతట తానే కోసివేస్తుంది. స్పృహ తప్పినవాడిని కూడా కాపాడే యంత్రమిది. బేస్ దూకుడుకు ఉండేది ఒకే పారాచూట్. రెండవదానిని తెరిచేందుకు ఎత్తూ లేదు, వ్యవధీ లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, శ్రద్ధగా చదవండి. వింగ్‌సూట్ ధరించినవాడు కిందికి పడే వేగం చాలాసార్లు ఆ 35 మీటర్లకు లోపే ఉంటుంది. కనుక మామూలు నమూనా యంత్రం ‘ఇతడు క్షేమంగా ఉన్నాడు’ అనుకుని మౌనంగా ఉండిపోవచ్చు. వింగ్‌సూట్ కోసం ప్రత్యేక నమూనా ఆ తరువాతనే వచ్చింది. అంతేకాదు, రెక్కల వెనుక వీపు మీద గాలి సుడి తిరిగే ప్రదేశం ఏర్పడుతుంది. పారాచూట్‌ను బయటకు లాగే చిన్న గొడుగు, దాని పేరు పైలట్ చూట్, ఆ సుడిలో చిక్కుకుంటే పెద్దది తెరుచుకోదు. తెరుచుకున్నా తాళ్ళు మెలిపడవచ్చు, ఆ సమయానికి చేతులు ఇంకా రెక్కలలోనే బందీలై ఉంటాయి. ఇన్ని ఉన్నందుననే అక్కడి సంఘం కనీసం 200 దూకుళ్ళు పూర్తి చేయనివారిని వింగ్‌సూట్ ముట్టనివ్వదు. ఈ నియమాన్ని ‘అధికారుల దర్పం’ అని విసుక్కునే యువకులను చూశాను. హౌస్‌సర్జన్ తొలివారంలోనే గుండె శస్త్రచికిత్స చేస్తానంటే వీరు తమ తల్లిని ఆ బల్ల మీద పడుకోబెడతారా?

పరికరాలు మెరుగైతే చాలునా? చాలదు. పారాచూట్‌ను క్షణంలో వదిలించుకునే మూడు ఉంగరాల పద్ధతిని కనిపెట్టిన బిల్ బూత్ దీని గురించి ఒక సూత్రం చెప్పాడు. పరికరం ఎంత భద్రమైతే మనిషి అంత తెగిస్తాడని, మరణాల రేటు అక్కడే నిలుస్తుందని దాని సారాంశం. బి.పి. మాత్ర మొదలుపెట్టిన వారంలోనే ఆవకాయ జాడీ మూత తీసే రోగులను జీవితమంతా చూసిన నాకు దీనిని వేరే నిరూపించనక్కరలేదు. నేటి స్కైడైవింగ్ మరణాలలో పెద్ద భాగం పారాచూట్ తెరుచుకోక జరిగేవి కావు. చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే, నేలకు దగ్గరగా వేగంగా మలుపు తిప్పబోయి జరిగేవి. చిన్న పారాచూట్, పెద్ద వేగం, చూసేవారి చప్పట్లు.

చప్పట్ల మాట వచ్చింది గనుక వారి సంఘజీవనం గురించి చెప్పాలి. డ్రాప్ జోన్ అనే ఆ మైదానంలో వారాంతాలలో ఒక కుటుంబం ఏర్పడుతుంది. విమానం ఎక్కేముందు ఒకరి వీపున ఉన్న పిన్నులను మరొకరు తడిమి చూస్తారు. కొత్తగా ఏదైనా సాధించినవాడు అందరికీ బీరు ఇప్పించాలి. అయితే అది దూకుళ్ళు ముగిశాకనే. చనిపోయిన మిత్రుని చితాభస్మాన్ని ఆకాశంలో వదిలి వీడ్కోలు చెబుతారు. ఈ ఆత్మీయతను నేను చులకన చేయను. కానీ ఆ కుటుంబంలో ‘గాలి బాగాలేదు, నేను ఈరోజు దూకను’ అన్నవాడిని వెక్కిరించకుండా ఉండటం, ‘నీవు ఇంకా సిద్ధంగా లేవు’ అని చిన్నవాడికి చెప్పగల పెద్దవాడు ఉండటం, ఈ రెండూ ఏఏడీకి తీసిపోని రక్షణ. అవి లేని చోట స్నేహమే మనిషిని అంచు దాకా తోసుకుపోతుంది.

నా అసలు తగాదా దూకేవారితో కాదు, చూసేవారితో. బేస్ జంపర్లు సైతం తమ మృతుల జాబితా నిర్వహించుకుంటారు. వందల పేర్లతో, ప్రతి పేరు వద్ద ఏమి జరిగిందో వ్రాసుకుంటారు. దానిని చదవని మనం, కొండలను తాకీ తాకనట్టు పోయే వీడియోలను పదేపదే చూసి, లెక్కలేనన్ని హృదయ చిహ్నాలు నొక్కుతాం. గంటకు 160 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 44 మీటర్లు. కన్ను చూసి, మెదడు తేల్చుకుని, భుజం కదిలేలోగా కొండ దగ్గరకు వచ్చేస్తుంది. ఆ వేగంతో దేహం ఆగినప్పుడు గుండె నుండి బయలుదేరే బృహద్ధమని చిరిగిపోతుంది. ఆ గాయానికి వీరుడని, పిరికివాడని తేడా తెలియదు.

2015 మే 16న కాలిఫోర్నియాలోని యోసెమిటీ కొండల్లో డీన్ పాటర్, గ్రాహం హంట్ వింగ్‌సూట్‌లతో దూకి మరణించారు. ఇద్దరూ నిష్ణాతులు. అంతకు ఆరు నెలల ముందే పాటర్‌కు ప్రాయోజకత్వం ఇస్తున్న ఒక ఆహార సంస్థ, ఇంతటి ప్రమాదానికి మేము డబ్బు ఇవ్వబోమని తప్పుకుంది. అప్పుడు ఆ సంస్థను పిరికిదని ఎందరో దూషించారు. తన డబ్బు ఎక్కడికి పోతున్నదో ఆలోచించిన ఆ సంస్థను నేను తప్పుపట్టలేను. మరుసటి ఏడు ఆగస్టులో యూలీ ఇమానుయెలే, అలెగ్జాండర్ పోలీ రోజుల తేడాతో ఆల్ప్స్ పర్వతాలలో పోయారు. ఆ ఏడాదిలోనే ఫ్రాన్సులోని షమోనీ పట్టణం వింగ్‌సూట్ దూకుళ్ళను నిషేధించింది.

‘అయితే అన్నీ నిషేధిస్తే పోతుంది’ అనే పెద్దలకూ నా సమాధానం ఉంది. ఇంట్లో కేకలు వేస్తే పిల్లలు మానరు, చెప్పడం మానేస్తారు. చెప్పకుండా వెళ్ళినవాడు ఆరోగ్య పత్రంలో కూడా నిజం వ్రాయడు. మూర్ఛ ఉన్న కుర్రవాడు ‘లేదు’ అని గీత గీసి సంతకం పెట్టడం మీ నిషేధం సాధించే ఏకైక ఫలితం.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు వారాంతంలో దూకుతామంటే ఏమి చేయాలని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. వారు చెప్పేది చాలావరకు శిక్షకుడి దేహానికి కట్టుకుని దూకే టాండెమ్ దూకుడు. అక్కడి పారాచూట్ సంఘం నియమాల ప్రకారం ఆ శిక్షకుడికి కనీసం మూడేళ్ళ అనుభవం, 500 దూకుళ్ళు, వైద్య ధ్రువపత్రం ఉండాలి. ఆ కేంద్రం సంఘంలో సభ్యత్వం కలదో లేదో అడగమనండి. మూర్ఛ, గుండెజబ్బు, వెన్నుపూస జబ్బు, తరచు జారే భుజం, గర్భం ఉంటే వద్దనండి. జలుబుతో ముక్కు, చెవి మూసుకుని ఉంటే ఆ వారం వాయిదా వేయమనండి. నాలుగు వేల మీటర్ల నుండి నిమిషాల్లో దిగేటప్పుడు కర్ణభేరి మీద ఒత్తిడి పడుతుంది. సముద్రంలో స్కూబా డైవింగ్ చేసి ఉంటే కనీసం ఒక రోజు ఆగాలి. గాలి ఎక్కువై ఆనాటి దూకుడు రద్దయితే, కట్టిన డబ్బు గురించి గొడవపడక ఇంటికి రమ్మనండి.