మాత్రకు ముందు మాట

“దుఃఖంలో వున్నప్పుడు ఎవరైనా ఓదారిస్తే మీకు హాయిగా వుంటుందా, చిరాకు వేస్తుందా?”

తలనొప్పికి మందు కోసం వెళ్ళినవారిని హోమియో డాక్టరుగారు ఈ ప్రశ్న అడిగితే, కొత్తవారు తెల్లబోతారు. నొప్పి తలలో వుంటే ప్రశ్నలు మనస్సును గురించా! కాని ఆ వైద్యంలో మందును నిర్ణయించేది చాలావరకు మనోలక్షణాలే. ఆ వైద్యానికి మూలపురుషుడైన జర్మను డాక్టరు హానిమన్ (1755-1843) తన ‘ఆర్గనాన్’లో ఈ సంగతి నొక్కి చెప్పాడు. ఆయన తర్వాత అమెరికాలో డాక్టర్ కెంట్ కూర్చిన లక్షణాల నిఘంటువులో మొట్టమొదటి ప్రకరణం ‘మనస్సు’.

ఒకే ఇంట్లో ముగ్గురు ఆడపడుచులకు తల్లి పోయిందనుకోండి. ఒకామె వచ్చినవారందరికీ చెప్పుకుని ఏడుస్తుంది, పక్కన మనిషి వుంటే తేరుకుంటుంది. ఆమెకు పల్సటిల్లా. రెండో ఆమె తలుపు వేసుకుని ఏడుస్తుంది, ఓదార్చబోతే మండిపడుతుంది. ఆమెకు నేట్రం మూర్, అంటే మన వంటింటి ఉప్పే. మూడో ఆమె నిట్టూర్పులు విడుస్తూ, గొంతులో ఏదో అడ్డుపడినట్లున్నదంటుంది, ఇంతలో నవ్వి అంతలో ఏడుస్తుంది. ఆమెకు ఇగ్నీషియా. ఇక రాత్రిళ్ళు మేలుకుని, కాఫీ మీద బతుకుతూ, చెంచా కిందపడినా ఇల్లెగరగొట్టే యజమానికి నక్స్ వామికా. అది ముషిణి గింజల మందు. అడిగిన బొమ్మ ఇస్తే విసిరికొట్టి, ఎత్తుకుని తిప్పితేనే ఊరుకునే పిల్లవాడికి కామోమిల్లా.

వింటుంటే మన ఇంటివాళ్ళే కళ్ళముందు మెదులుతారు! తెలుగునాట ఈ వైద్యానికి ఇంత ఆదరణ వుండడానికి ఇదీ ఒక కారణమే. మనల్ని నవ్వించిన అల్లు రామలింగయ్యగారు హోమియో వైద్యులు కూడా. రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ హోమియో కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

ఇంతకూ ఆ మాత్రలో ఏమున్నది? 30వ పొటెన్సీ అంటే ఒక పాలు మందుకు 99 పాళ్ళు ఆల్కహాలో, నీళ్ళో కలిపి, అందులోంచి ఒక పాలు తీసి మళ్ళీ 99 పాళ్ళలో కలపడం, ఇలా 30 సార్లు. 12 సార్లు దాటేసరికే అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే ఆశ దాదాపు వుండదు. మిగిలేది శక్తి అంటారు హోమియో వైద్యులు. అంతకుముందు జరిగిన పరీక్షలను తిరగేసిన ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి, హోమియో మందు ఫలానా జబ్బుకు పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2015లో తేల్చింది.

మరి వెళ్ళివచ్చినవారికి ప్రాణం తేలికపడిందంటారే? కొన్ని బాధలు వాటంతట అవే తగ్గుతాయి. పైగా గంటసేపు ఒక పెద్దమనిషి మన గోడు ఓపికగా వినడం తక్కువ సంగతి కాదు. 1792లో, హోమియో సూత్రాన్ని ప్రకటించడానికి నాలుగేళ్ళు ముందే, హానిమన్ మతి చలించిన ఒక ఉద్యోగిని తన దగ్గర వుంచుకున్నాడు. పిచ్చివారిని గొలుసులతో కట్టి కొట్టే రోజులవి. ఆయన గొలుసు వేయలేదు, దెబ్బ వేయలేదు. మొదట కొన్నాళ్ళు మందు కూడా ఇవ్వకుండా గమనిస్తూ వుండిపోయాడు. మాత్రల కంటే ముందు పుట్టింది ఆ దయ!

అయితే మనస్సు చెప్పేది విని ఊరుకుంటే చాలదు. దాని వెనుక శరీరం ఏమంటున్నదో కనుక్కోవాలి. చురుకైన కోడలు కొన్నాళ్ళుగా మందకొడిగా, దిగులుగా, మతిమరుపుగా వుంటే థైరాయిడ్ గ్రంథి మందగించిందేమో రక్తపరీక్షలో తెలుస్తుంది. మధుమేహానికి మందు వాడే తాతగారికి ఉన్నట్టుండి చెమటలు పట్టి, కోపం పుట్టుకొస్తే, రక్తంలో చక్కెర పడిపోయిందేమో చూడాలి. రాత్రికి రాత్రి అమ్మమ్మ మాటలు తడబడి, మనుషులను పోల్చుకోలేకపోతే, అది స్వభావలక్షణం కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలసిన ఆపద. ఇలాంటి చోట తియ్యటి మాత్రల కోసం పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే విలువైన కాలం పోతుంది. డాక్టరు రాసిన మందులను మన అంతట మనం మానేయడమూ ప్రమాదమే.

అన్నిటికంటె ముఖ్యం ఇంకొకటి. “నేనుండి ఎవరికి లాభం?” అన్న మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. వారిని ఒంటరిగా వదలకండి. మానసిక వైద్యుణ్ణి చూపించండి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వపు టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

హోమియో డాక్టరుగారి ప్రశ్నలు మాత్రం మనం అరువు తెచ్చుకోవచ్చు. నిద్ర పడుతున్నదా? దేనికి భయం? ఎవరితో చెప్పుకోవాలని వున్నది? భోజనాలయ్యాక ఇంట్లోవాళ్ళను అడిగి చూడండి. జవాబు పూర్తిగా వినండి. మధ్యలో సలహా చెప్పకండి!