వెంటిలేటర్ మీదున్నవాళ్ల కోసం

కర్నూలు సర్వజన వైద్యశాల సూపరింటెండెంట్ గారికి,

పత్తికొండ, ఆదోని పల్లెల్లో పాముకాటుకో పురుగుమందు విషానికో గురై ఊపిరాడని కూలీలకు మీ ఐసీయూనే దిక్కు. వెంటిలేటర్ కోసం గొంతులో గొట్టం వేసి 48 గంటలు దాటాక, నోట్లోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తే, విషం విరిగినా ప్రాణం దక్కకపోవచ్చు.

దాన్ని ఆపడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదండి. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి, నోరు శుభ్రం చేయాలి, రోజూ మత్తు తగ్గించి సొంతంగా ఊపిరి తీయగలరేమో చూడాలి. అన్నింటికీ మనిషి కావాలి. రాత్రి షిఫ్టుతో సహా వెంటిలేటర్ రోగి ఒక్కరికి ఒక నర్సును వేయించండి. ప్రతి వెయ్యి వెంటిలేటర్ రోజులకు ఎందరికి ఈ న్యుమోనియా సోకిందో నెలనెలా ఐసీయూ బయట బోర్డు మీద రాయించండి. ఆ లెక్క తెలుసుకునే హక్కు బయట కాచుకున్నవాళ్లకు ఉంది.

ఇట్లు,
కర్నూలు పౌరుడు