ఊరికి పోయే రోడ్లమీద చార్జింగ్: బోర్డులు కాదు, లోడు లెక్కపెట్టాలి

కరెంటు బండ్ల చార్జింగ్ స్టేషన్ల కోసం కేంద్ర ప్రభుత్వం పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 2,000 కోట్ల రూపాయలు పెట్టింది. 2024 అక్టోబరులో మొదలైన ఈ పథకం గడువు 2028 మార్చి దాకా పెరిగింది. కార్ల కోసం దేశమంతటా 22,100 ఫాస్ట్ చార్జర్లు పెట్టించడం లక్ష్యం. మహారాష్ట్ర ప్రభుత్వం కూడా 2025 ఈవీ పాలసీలో హైవేలమీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలని రాసుకుంది. ఏ రోడ్డుకు ఎన్ని, ఎంత శక్తి గలవి అన్నది ఈ గడువులోపే ఖాయమవుతుంది. భివండీ తెలుగువాళ్లం ఇప్పుడు అడగకపోతే తర్వాత అడిగి లాభం లేదు.

ఇది మన సంగతి ఎట్లయింది? కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మన పెద్దలు సాంచాల పనికి ఇక్కడికి వచ్చారు. ఇల్లు ఇక్కడ కట్టుకున్నా పెళ్లికీ దినానికీ దసరాకూ ఊరే. ఇన్నాళ్లూ సాయంత్రం ప్రైవేటు బస్సు ఎక్కి పొద్దున దిగేవాళ్లం. ఇప్పుడు పిల్లలు ఉద్యోగాల్లో పడి కార్లు కొంటున్నారు. ఖర్చు తక్కువని కరెంటు కారు తీసుకున్నవాళ్లూ మనలో ఉన్నారు. ఠాణేకు, కల్యాణ్‌కు ఆ కారులో పోతారు, ఊరికి మాత్రం మళ్లీ బస్సే. పండక్కి పోవాలంటే వారం ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. చావు కబురు ముందు చెప్పి రాదు. రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తే ముసలి తల్లిని వెంటబెట్టుకుని అప్పటికప్పుడు బయలుదేరాలి. ఆ రాత్రి దారిలో చార్జర్ పనిచేస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

మన రెండు దార్లు

మొదటిది పుణె, సోలాపూర్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ పోయే దారి. పుణె దాటాక ఇది 65వ నంబరు జాతీయ రహదారి. రెండోది 61వ నంబరు రహదారి. అది మన భివండీ దగ్గరే మొదలై కల్యాణ్, ముర్బాడ్, మాల్షేజ్ ఘాట్, అహిల్యానగర్, పాథర్డీ, మాజల్‌గావ్, పర్భణి, నాందేడ్, భోకర్, భైంసా మీదుగా నిర్మల్ చేరుతుంది. పాత నంబరు 222 అంటే పెద్దవాళ్లకు గుర్తొస్తుంది. ఉత్తర తెలంగాణ వాళ్లకు దగ్గరి దారి ఇదే.

పెద్ద పెట్టుబడి సహజంగా పెద్ద రోడ్డుకే పోతుంది. మహారాష్ట్ర ఈవీలకు టోల్ మాఫీ ప్రకటించిన ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే, అటల్ సేతు, సమృద్ధి మార్గాలను చూడండి. నాగపూర్ నుంచి 701 కిలోమీటర్లు వచ్చి మన తాలూకాలోని ఆమణె దగ్గర ముగిసే సమృద్ధి 2025 జూన్‌లో పూర్తిగా తెరుచుకుంది. ఈ మూడింటిలో సోలాపూర్ మీదుగా పోయేవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌వే ఒక్కటి పనికొస్తుంది. నిర్మల్ రోడ్డు వాళ్లకు ఏదీ పనికిరాదు.

సాంచాల లెక్కలో చూస్తే

45 యూనిట్ల బ్యాటరీ కారు హైవేమీద సుమారు 250 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. నిండా చార్జ్ చేసి బయలుదేరి 20 శాతం మిగిలేసరికి 200 కిలోమీటర్లు అవుతుంది. అక్కడి నుంచి 80 శాతం దాకా నింపుకుంటూ పోతే ఒక్కో మజిలీకి 150. భివండీ నుంచి నిర్మల్ సుమారు 600 కిలోమీటర్లు. అంటే దారిలో మూడుసార్లు ఆగాలి. మాల్షేజ్ ఎక్కుడు కాబట్టి మొదటి మజిలీ ఇంకొంచెం ముందే వస్తుంది.

ప్రతిసారీ కావలసింది 27 యూనిట్లు. 30 కిలోవాట్ల చార్జర్ మీద దాదాపు గంట, 60 కిలోవాట్ల దానిమీద అరగంట. రెండు గన్లున్న 60 కిలోవాట్ల యంత్రానికి రెండు కార్లు తగిలిస్తే చాలాచోట్ల చెరి 30 పంచుకోవాల్సి వస్తుంది. బోర్డుమీద మాత్రం రెండు ఫాస్ట్ చార్జర్లనే ఉంటుంది.

60 కిలోవాట్లంటే దాదాపు 80 హెచ్‌పీ. ఒక్క హెచ్‌పీ మోటారు సాంచాలు 80 ఒకేసారి నడిచినంత లోడు అది. ఫీడరు బలంగా లేకుండా 80 సాంచాల కార్ఖానా నడవదని భివండీలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రోడ్డుమీదా అంతే. యంత్రం తెచ్చి నిలబెట్టడం సులువు. వెనక ట్రాన్స్‌ఫార్మర్, లైను, మంజూరైన లోడు లేకపోతే అది బొమ్మే.

ఇక పండగ రోజు. చార్జింగ్, డబ్బు కట్టడం, బండి తీయడం కలిపి కారుకు 40 నిమిషాలనుకున్నా, ఒకే గన్ దగ్గర ఆరో కారువాడు 3 గంటల 20 నిమిషాలు కూర్చోవాలి. మూడు మజిలీల్లోనూ ఇట్లయితే బస్సే నయం.

కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే హైవేకు రెండు పక్కలా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ అని మార్గదర్శకం ఇచ్చింది. దూరం లెక్క అవసరమే, కానీ అదొక్కటే చాలదు. ఐరోపా సమాఖ్య తన ముఖ్య రహదారులకు దూరంతోపాటు శక్తినీ నిర్ణయించింది. 2025 చివరికల్లా ప్రతి 60 కిలోమీటర్లకు, ఒక్కో దిశలో మొత్తం 400 కిలోవాట్లు, అందులో కనీసం ఒక చార్జర్ 150 కిలోవాట్లది ఉండాలని నియమం. అక్కడ లెక్కించేది బోర్డులను కాదు, లోడును.

మామూలు రోజుల్లో యంత్రాలు ఖాళీగా ఉంటే పెట్టుబడి ఎవరు పెడతారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే అడివిలో కాదు, అహిల్యానగర్, పర్భణి, నాందేడ్, నిర్మల్ లాంటి జిల్లా కేంద్రాల అంచున పెట్టమంటున్నాం. స్థానిక కార్లు, టాక్సీలు రోజూ వాడుకుంటాయి, మనం పండక్కి వాడుకుంటాం. పైగా రోడ్డు పక్క ప్రైవేటు స్థలంలో పెట్టినా ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ ఖర్చులో 80 శాతం దాకా సబ్సిడీ ఇచ్చే వీలు పీఎం ఈ-డ్రైవ్‌లో ఉంది. అయితే ప్రతిపాదన ప్రభుత్వ సంస్థల ద్వారా పోవాలి.

మేము అడిగేవి

ఒకటి, 61వ రహదారిమీద అహిల్యానగర్, మాజల్‌గావ్–పర్భణి మధ్య, నాందేడ్, నిర్మల్‌లలో ఒక్కోచోట కనీసం నాలుగు గన్లు, నాలుగూ ఒకేసారి పూర్తి వేగంతో నడిచే లోడు.

రెండు, దసరా, సంక్రాంతి ముందు రోజుల రద్దీని బట్టి ప్లాను. టోల్‌నాకాల ఫాస్టాగ్ లెక్కలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. వాటిని చూస్తే ఏ రోజు ఎన్ని కార్లు పోతున్నాయో తెలుస్తుంది.

మూడు, రాత్రంతా వెలుతురు, మరుగుదొడ్డి, నీళ్లు, ఒక మనిషి. ఆడవాళ్లతో, ముసలివాళ్లతో రాత్రి రెండింటికి ఆగే చోటు అది.

నాలుగు, సబ్సిడీలో కొంత భాగం యంత్రం ఏడాదిపాటు సరిగా నడిచాకే ఇవ్వాలి.

ఈ నాలుగు అంశాలతో రాష్ట్ర రవాణా శాఖకు, మన ఎంపీకి వినతిపత్రం తయారుచేస్తున్నాం. ఉత్త మాటలకు బరువుండదు, అంకెలకు ఉంటుంది. కరెంటు కారు ఉన్నవాళ్లు, కొనాలనుకుంటున్నవాళ్లు ఏ ఊరికి, ఏ దారిన, ఏడాదిలో ఎన్నిసార్లు పోతారో ఒక కాగితంమీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఈ రెండు రోడ్లమీద హోటలో పెట్రోలు బంకో ఉన్న బంధువులుంటే ఈ సబ్సిడీ సంగతి వాళ్ల చెవిన వేయండి.