సీతాకోకచిలుకలు పెంచుదామా?



సీతాకోకచిలుకలు పెంచితే లక్షలు వస్తయని ఒక వీడియో మొన్నటి సంది మన ఫోన్లల్ల తిరుగుతున్నది. షెడ్డు వెయ్యాల్నా అని ఇద్దరు ముగ్గురు నన్నే అడిగిన్రు. నా మాట చెప్తున్న, నచ్చకపోతే మొహం మీదనే అనుండ్రి.

వీడియోల ఉన్నది అబద్ధం కాదు, సగం మాట. కెన్యా దేశంల సముద్రం ఒడ్డుకు అరబుకో సొకోకె అనే అడవి ఉన్నది, దగ్గర దగ్గర 420 చదరపు కిలోమీటర్లు. చుట్టూ మనలాంటి చిన్న రైతులే. మనకు అడవి పందుల బాధ, వాళ్లకు ఏనుగుల బాధ. ఈ అడవి కొట్టేసి భూములు పంచితే పీడ పోతదని చానామంది అనుకునేటోళ్లు. 1993ల అక్కడ కిపెపెయో అని ఒక ప్రాజెక్టు మొదలైంది. వాళ్ల భాషల ఆ మాటకు సీతాకోకచిలుక అనే అర్థం. రైతు అడవిల నుంచి కొన్ని ఆడవాటిని తెచ్చి వల గూట్లె ఇడుస్తడు. గుడ్లు పెట్టినంక పురుగులకు ఆకు మేపుతడు. పురుగు ప్యూపా అయి కదలకుండ వేలాడేటప్పుడు తీసి ప్రాజెక్టుకు అమ్ముతడు. అవి విమానంల యూరప్, అమెరికా ప్రదర్శనశాలలకు పోతయి. దారిల రెక్కలొస్తే పైసలు పోయినట్టే. తల్లీ, మేత ఆకూ అడవిలనే దొరుకుతయి గనుక, అడవి ఉండాలె అని ఆ రైతులే అనుడు మొదలువెట్టిన్రు.

మరి మనం? పెంచుడు రాక కాదు. నిమ్మ, కరివేపాకు మీద పిట్ట రెట్ట లెక్క కనపడి, తర్వాత పచ్చగయ్యే పురుగును మందు కొట్టి సంపుతం గదా, అది సీతాకోకచిలుక పిల్లనే. రేల ఆకు తినేవి వేరే, జిల్లేడు తినేవి వేరే. మేత మన గట్ల మీదనే ఉన్నది. కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న రకాలను పట్టినా అమ్మినా కేసే. అన్నిటికన్నా ముఖ్యం, కోనరావుపేటల ప్యూపా కొనేటోడు ఎవడున్నడు? షెడ్డుకు అప్పు చెయ్యకుండ్రి.

అయితే కెన్యా రైతు చేసిన పని మన తెలంగాణల ఎప్పటి సందో ఉన్నది. చెన్నూరు, మహదేవపూర్ దిక్కు దసలి పట్టు. అది కూడా రెక్కల పురుగే, కాకపోతే రాత్రి తిరిగే రకం. మద్ది చెట్ల మీద పురుగులు ఎక్కిస్తరు, ఆకు అయిపోతే ఇంకో చెట్టుకు మారుస్తరు. నెల దాటి పగలూ రాత్రీ కావలి. పిట్టలు, చీమలు, జబ్బులు, ఏది తగిలినా పంట పోయినట్టే. సుఖమైన పని అని నేను చెప్తలేను. లోపల పురుగు సచ్చేదాక ఉడికిస్తేనే దారం వస్తది, అది ఇష్టంలేనోళ్లు కూడా ఉంటరు. కానీ చూడుండ్రి, మద్ది కొట్టుకుంటే ఒక్కసారే కట్టె. నిలబెడితే ఏటేటా కాయ. అందుకే ఆ చెట్టు మీద గొడ్డలి పడితే ఊకోరు. ఫారెస్టోళ్లు వచ్చి చెప్పాల్సిన పని లేదు.

మన దగ్గర మర్రిమడ్ల, నిమ్మపల్లి దిక్కు అడవి అంచున్న రైతుకు ఆ అడవితోని ఏం వస్తున్నది? పందులు మక్క చేను తొక్కితే రాత్రంత మంచె మీద పడుకునుడు తప్ప. అడవిని కాపాడుండ్రి అని బోర్డు పెడితే కడుపు నిండదు. పక్కనే సిరిసిల్లల మగ్గాలు పాలిస్టర్ నేస్తున్నయి, పట్టు దారం ఇడిసిపెట్టినం.

నేననేది ఏందంటే, నాటేటప్పుడు ఏదో ఒక మొక్క తెచ్చి గుంతల పెట్టి ఫోటో దిగుడు కాదు, గుట్టల అంచున మద్ది పెట్టమని అడుగుదాం. ఆకు పురుగుకు సరిపోను కావాల్నంటే మూడు నాలుగేండ్లు ఆగాలె. ఆలోపు మనోళ్లు నలుగురు చెన్నూరు పోయి, ఒక పంట పూర్తయ్యేదాక దగ్గరుండి చూసి, ఖర్చులు పోను ఏం మిగిలిందో లెక్క రాసుకొని రావాలె. లెక్క కుదరకపోతే వద్దు. పట్టు పరిశ్రమ శాఖకు దరఖాస్తు నేను రాస్తున్న. అడవి అంచున భూములున్నోళ్లు ఆదివారం పొద్దుగాల గ్రామపంచాయతీ కాడికి రాండ్రి, సంతకాలు పెడదాం.