పళ్ళు తెచ్చారు, కాఫీలు తాగి వెళ్ళారు

ఏ ఊళ్ళోనైనా పెద్దాసుపత్రి గేటు ఎదురుగా చూడండి. వరసగా పళ్ళ బళ్ళు. బత్తాయిలు, దానిమ్మలు, తళతళా మెరిసే యాపిల్స్. పక్కనే మందుల షాపు అద్దాల వెనక హార్లిక్స్ సీసాలు. లోపల ఎవరు పడుకున్నారో, వాళ్ళకి ఏం జబ్బో, ఏం తినొచ్చో ఆ బండి అబ్బాయికి తెలియక్కర్లేదు. కొనేవాళ్ళకీ తెలియక్కర్లేదు. "ఉత్త చేతులతో ఎలా వెళ్తాం?" అన్న ఒక్క మాట మీద ఆ వీధి మొత్తం బతుకుతోంది.

నా గొడవంతా ఆ మాటతోనే. ఉత్త చేతులతో వెళ్ళకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఆ చేతుల్లో ఏముండాలన్నది మంచం మీదున్న మనిషిని తలచుకుని నిర్ణయిస్తున్నామా, మన పరువుని తలచుకునా? రెండోదే అని నా అభిప్రాయం. మీకు కోపం వస్తే రానివ్వండి, ముందు చదవండి.

గర్భసంచి ఆపరేషన్ సంగతే తీసుకుంటాను, ఎందుకంటే మన వైపు ఆ మాట వినని ఇల్లు తక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అందులో ఎన్ని నిజంగా అవసరమై చేసినవి అన్నది ఇంకో పెద్ద పోస్టు. ఇవాళ దాని జోలికి పోను. నేను చెప్పొచ్చేది ఏమిటంటే, ఇంతమందికి జరగడం వల్ల అదేదో పన్ను పీకించుకున్నంత మామూలు విషయమైపోయింది. "ఆఁ, గర్భసంచేగా, మా అక్కకీ అయింది, పదిరోజుల్లో లేచి తిరిగేసింది" అంటారు. ఆ అక్క ఎందుకు లేచి తిరిగిందో ఎవరూ అడగరు.

పొట్ట కోసి చేసినదైతే కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ల్యాప్రోస్కోపీ అయితే ఇంకాస్త ముందే. పైన కుట్లు పది, పన్నెండు రోజుల్లో ఆరిపోయినట్టు కనిపిస్తాయి. లోపలి పొరలు గట్టిపడటానికి మాత్రం వారాలు కావాలి. అన్నాళ్ళూ నాలుగైదు కిలోలకి మించి ఎత్తొద్దని డాక్టర్లు చెప్పి పంపిస్తారు. నాలుగైదు కిలోలంటే ఎంతో మగవాళ్ళకి తెలియకపోవచ్చు, మనకి తెలుసు. నిండు బిందె కాదు, అందులో సగం కూడా కాదు. నీళ్ళు పోసి అన్నం, పప్పు గిన్నెలు సర్దిన ఐదు లీటర్ల కుక్కర్ దగ్గరే ఆ లెక్క అయిపోతుంది. తడిబట్టల బకెట్ దాని కంటే బరువు. చంటిపిల్లాడో, ఎత్తుకోమని ఏడ్చే మనవడో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అంటే ఆ ఆరు వారాలూ ఆవిడకి కావలసింది ఆ కుక్కర్ ఎత్తే ఇంకో జత చేతులు. మనం తీసుకెళ్ళేది మూడు కిలోల బత్తాయిలు.

రెండేళ్ళ క్రితం మా తోటికోడలికి ఈ ఆపరేషనయితే ఒక వారం పదిరోజులు వాళ్ళింట్లో ఉన్నాను. ఇంటికి తెచ్చిన మొదటి వారంలో చూడ్డానికి వచ్చినవాళ్ళు ముప్పై ఒక్కమంది. లెక్క ఎలా తెలుసంటే, కాఫీలు కలిపింది నేనే. పళ్ళు పదకొండు కిలోలు, హార్లిక్స్ సీసాలు నాలుగు, క్రీము బిస్కెట్ల డబ్బాలు రెండు, ఒక పెట్టె పూతరేకులు (ఆవిడకి షుగరు!), అంత పెద్ద పూలబొకే ఒకటి. ఆ బొకే ఎక్కడ పెట్టాలో తెలియక ఫ్రిజ్ మీద పెడితే రెండోరోజుకి వాడిపోయి, మూడోరోజు దాని నీళ్ళు కారి, తుడిచే పని తగిలింది.

పని సంగతి అలా ఉంచండి. ప్రతి ఒక్కరు వచ్చినప్పుడల్లా ఆవిడ లేచి కూర్చోవాలి. పెద్దవాళ్ళొస్తే నైటీతో ఏం బావుంటుందని మా అత్తగారు చీర కట్టించేవారు. చీరంటే లంగా, లంగా అంటే బొందు. కుట్లున్నది పొట్ట కింద. ఆ బొందు బిగిస్తే ఒరుసుకుంటుంది, వదులు చేస్తే చీర నిలవదు. అలా ఒక చేత్తో పొట్ట పట్టుకుని, నవ్వు మొహం పెట్టుకుని, "ఆపరేషన్ ఎలా చేశారు, ఎంతయింది, మత్తు ముందే దిగిందా" అన్న ప్రశ్నలకి ముప్పై ఒక్కసార్లు సమాధానం చెప్పింది. ఒకావిడైతే వాళ్ళ పిన్నికి ఇలాగే చేశాక ఏవో గడ్డలు తేలి మూడేళ్ళకి పోయిందని, బిస్కెట్లు తింటూ వివరంగా చెప్పి వెళ్ళింది. ఇదీ ఆవిడ తెచ్చిన బహుమతి.

ఇంకా ఉంది. మా అత్తగారు ఎవరెవరు ఏం తెచ్చారో ఒక నోటుబుక్కులో రాశారు. పెళ్ళిలో చదివింపులు రాసుకున్నట్టు! రేపు వాళ్ళింట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అంతకు తగ్గకుండా పట్టుకెళ్ళాలి కదా మరి. ఆవిడని తప్పుపట్టను, ఆవిడకి తెలిసిన మర్యాద అది. కానీ ఆ పుస్తకం చూశాక నాకు ఒకటి అర్థమైంది. మంచం మీద మనిషి నెపం మాత్రమే. ఈ పళ్ళు ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య తిరిగే బాకీ.

నేను మా ఇంటికొచ్చేశాక పన్నెండో రోజున ఫోన్ చేస్తే వెనకాల కుక్కర్ విజిల్ వినపడింది. "ఎవరు పెట్టారే?" అన్నాను. "నేనే అక్కా. బావగారి ఫ్రెండ్ వాళ్ళొచ్చారు, భోజనం వేళ కదా" అంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి, చూడవలసిన మనిషే వండి పెట్టింది! పదిహేనో రోజుకి కుట్టు దగ్గర నీరు కారి మళ్ళీ డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. దానివల్లే అని నేను నిరూపించలేను. నిరూపించమని అడిగేవాళ్ళు మాత్రం ఒక్కసారి పొట్ట మీద కుట్లతో ఆ కుక్కర్ దించి చూడాలి.

అదే ఇంట్లో మగాయనకి బైపాస్ అయితే? మూడు నెలలు ఆయన మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తడు, ఎత్తనివ్వం. చుట్టాలొస్తే "పడుకున్నారు, లేపొద్దన్నారు" అని వాకిట్లోంచే పంపించేస్తాం. ఆడమనిషికి అలా చెప్పడానికి నోరెందుకు రాదు? ఆవిడ పడుకుంటే వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చేదెవరన్న బెంగ వల్ల.

"మనసు ముఖ్యం గానీ వస్తువు కాదు కదండీ" అంటారు. ఇదే నాకు అస్సలు నచ్చని మాట. మనసుంటే అరనిమిషం ఆలోచిస్తుంది. షుగరుందా, ఇంట్లో ఎవరున్నారు, మరుగుదొడ్డి ఏ రకం, రాత్రి పక్కన ఎవరు పడుకుంటున్నారు అని అడుగుతుంది. ఏమీ అడగకుండా గేటు ముందు ఆటో ఆపి, చేతికందిన సంచీ పట్టుకొచ్చి మనసంటే ఎలా?

ఆ హార్లిక్స్ సంగతి కూడా చెప్పేస్తాను. మా చిన్నప్పుడు జబ్బు పడితేనే అది కనిపించేది, అందుకే మందులా దాని మీద భక్తి. గోధుమలు, బార్లీ మాల్టు, పాలపొడి, చక్కెర, ముఖ్యంగా అవే కదా అందులో. 2024లో ఆ కంపెనీవాళ్ళే తమ పానీయాల వర్గానికి ఉన్న 'హెల్త్' అన్న పేరు తీసేసి వేరే పేరు పెట్టుకున్నారు. మనం మాత్రం పరామర్శ సంచీలోంచి తీయలేదు. బత్తాయి రసం ఇంకో తమాషా. పిండి, వడగట్టి, చక్కెర కలిపి ఇస్తాం. పీచు చెత్తబుట్టలోకి, చక్కెర లోపలికి. నొప్పి మాత్రలకీ, కదలకుండా పడుకోవడానికీ మలబద్ధకం పట్టుకుని, ముక్కితే కుట్లు లాగి ఏడుస్తున్న మనిషికి కావలసింది ఆ పీచే. నాలుగు ముక్కలు బొప్పాయి కోసి డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి, పిండే పని ఎవరికీ ఉండదు.

పథ్యం పేరుతో ఇంకో అన్యాయం. కందిపప్పు తింటే చీము పడుతుందని మానిపిస్తారు, గుడ్డు వద్దంటారు, పెరుగు చలవంటారు, చారన్నం పెట్టి కూర్చోబెడతారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, పాలు తీసేస్తే ఇక అవెక్కణ్ణించి వస్తాయి? డాక్టరు ఫలానాది వద్దని చెప్పుంటే అది వేరు. చెప్పనిచోట ఎదురింటావిడ చెప్పినదానికి ఎందుకు తలూపాలి? మంచి ముద్దపప్పు, తోటకూర వేపుడు, గడ్డపెరుగు క్యారేజీలో సర్ది పట్టుకెళ్ళడం కంటే గొప్ప బహుమతి నాకు తెలియదు. క్యారేజీ కడిగి తిరిగివ్వాలన్న బాధ కూడా పెట్టకండి. రెండ్రోజులాగి మీరే వెళ్ళి తెచ్చుకోండి.

వస్తువే ఇవ్వాలనుకుంటే బోలెడున్నాయి. ముందు గుండీలున్న వదులు కాటన్ నైటీలు రెండు, పైన కప్పుకోవడానికి ఒక చున్నీ (మా అత్తగారి లాంటివాళ్ళ కోసం). దగ్గొచ్చినా తుమ్మొచ్చినా పొట్టకి అదిమిపెట్టుకోవడానికి ఒక చిన్న దిండు. మంచం పక్కన పెట్టుకునే వేడినీళ్ళ ఫ్లాస్కు. కింద కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళల్లో కమోడ్ కుర్చీ, ఆపరేషనైన మనిషి గొంతుక్కూర్చుని లేవడమంటే ఏమిటో ఊహించుకోండి. కొన్ని ఊళ్ళల్లో నెలకింతని అద్దెకిస్తారు, కొననక్కర్లేదు. పక్కన నొక్కే చిన్న బెల్లు, కేకేస్తే పొట్ట లాగుతుంది కాబట్టి.

ఇంకొకటి ఎవరూ తీసుకెళ్ళరు. ఆపరేషన్ తరవాత కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా మరకలు అవుతూ ఉంటాయి. మెత్తటి కాటన్ ప్యాడ్లు కావాలి. ఇంట్లో భర్త, ఎదిగిన కొడుకు, మావగారు తప్ప ఎవరూ లేని ఆడమనిషి అవి తెమ్మని ఎవరికి చెప్తుంది? పాతచీర ముక్కలతో సర్దుకుంటుంది, కుట్లు పచ్చిగా ఉన్న రోజుల్లో. రెండు ప్యాకెట్లు కొనుక్కెళ్ళి దిండు కింద పెట్టి రండి. బొకే కంటే చవక.

దూరంగా ఉన్నవాళ్ళు ఏం చేస్తారని అడుగుతారు. అమెరికా నుంచి కూతురో మేనకోడలో యాప్‌లో కేకు, పూలు పంపుతారు. అవి అందుకోడానికి తలుపు తీయాల్సింది కూడా ఈవిడే అన్న సంగతి వాళ్ళకి తట్టదు. ఆ డబ్బుతో నెల్లాళ్ళు వంటమనిషిని మాట్లాడండి. ఉన్న పనమ్మాయికి ఆ రెండు నెలలు జీతం పెంచి గిన్నెలతోపాటు బట్టలూ, ఇల్లూ చేయించండి. డబ్బు నేరుగా పనమ్మాయికి పంపండి, ఇంటి ఖాతాలో వేస్తే అది కరెంటు బిల్లుకో, బండి రిపేరుకో పోతుంది. చెప్పడం కటువుగా ఉంది గానీ చూసిన సంగతే చెప్తున్నాను.

మరి భర్త ఉన్నాడు కదా, ఇవన్నీ బయటివాళ్ళు చెయ్యాలా అని ఒకావిడ నన్ను నిలదీసింది. చెయ్యాల్సింది ఆయనే, సందేహం లేదు. ఆరు వారాల్లో అన్నం వండటం రాకపోతే ఆయనకి ఇంకెప్పుడొస్తుంది? మా మరిది బియ్యం కడగడం నేర్చుకున్నాడు, ఇరవయ్యో రోజు తరవాత! అప్పటిదాకా మనం పంపిన బిస్కెట్లు తిన్నాడు. మన పరామర్శలు ఆయన సోమరితనాన్ని కూడా కాపాడుతున్నాయి. ఈసారి ఎవరైనా వెళ్తే ఆ ఇంటాయనకి చెప్పండి, "కాఫీ మీరు పెట్టండి అన్నయ్యగారూ, తాగి వెళ్తాం" అని. లేదా అసలు వద్దనండి. అరగంట కూర్చుని, జలుబూ దగ్గూ ఉంటే అసలు వెళ్ళకుండా ఫోన్‌తో సరిపెట్టండి.

మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఆవిడకి వచ్చే బుధవారం ఆపరేషన్. ఈసారి పళ్ళు వద్దని మేం అయిదుగురం ముందే అనుకున్నాం. పొద్దున టిఫిను పక్క ఫ్లాటావిడది, మధ్యాహ్నం క్యారేజీ నాది, పిల్లవాణ్ణి బడికి దింపడం పై అంతస్తు వాళ్ళ అబ్బాయి చూసుకుంటానన్నాడు, చెకప్‌కి తీసుకెళ్ళడానికి కారు ఇస్తామన్నారు ఇంకొకరు. రాత్రి చపాతీలు ఆవిడ భర్తే చేస్తానన్నాడు, చూద్దాం. తడిబట్టలు డాబా మీద ఆరేసే పని మాత్రం ఇంకా ఎవరూ తీసుకోలేదు. లిఫ్టు మూడో అంతస్తు వరకే, ఆ పైన మెట్లే.