గగనశాలలో మన ప్రశ్న యేది?

2035 నాటికి భారతీయ అంతరిక్ష కేంద్రమును నెలకొల్పవలెనని కేంద్రప్రభుత్వము సంకల్పించినది. సంతోషము. కాని మనుష్యులు వసించు ఆ ప్రయోగశాలలో ఏ ప్రశ్నలకు సమాధానములు వెదకవలెనో నిర్ణయించువారెవరు? సెంటినరీ కాలనీనుండి మేమడుగుచున్నది యిదియే.

1984లో రాకేశ్ శర్మ సాల్యూట్-7లో నున్నప్పుడు హైదరాబాదులోని రక్షణ లోహపరిశోధనాలయమువారి ప్రయోగమొకటి యచట జరిగెను. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ కేంద్రమునకు ఏడు భారతీయ ప్రయోగములను గొనిపోయెను. పెసలు, మెంతులు మొలకెత్తుట, కండరముల పునరుత్పత్తి, తినదగిన సూక్ష్మశైవలముల పెంపకము వానిలోనివి. వాని ముఖ్యనిర్వాహకులు బెంగుళూరు, ధార్వాడ, ఢిల్లీ, కేరళ సంస్థలవారు. వారిని మేము మనసార నభినందించుచున్నాము. కాని జాతీయ పోషకాహార సంస్థయు, కణజీవశాస్త్ర పరిశోధనాలయమును గల హైదరాబాదు ఆ వరుసలో ఏల కానరాదు? అడుగనివారి దోషమా, పిలువనివారి దోషమా?

గగనశాలలో స్థలము, బరువు, విద్యుత్తు మితములు. వ్యోమగామి సమయము మరియు మితము. శాస్త్రమునకొక పెట్టె చొప్పున పంచియిచ్చుట ప్రణాళిక గాదు, వట్టి పంపకము. వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, రసాయనికుడు, ఇంజనీరు మొదటిదినముననే ఒక్క బల్లయొద్ద గూర్చుండవలెను. అప్పుడు ఒక్క రక్తపు నమూనా మూడు శాస్త్రములకు పనికివచ్చును. మొక్క విడుచు ప్రాణవాయువు మనుష్యుని శ్వాసలెక్కలో చేరును. భూమికి మరల దెచ్చు నమూనాలకు శీతలపేటిక చాలదని కడపట దెలిసినచో శ్రమయంతయు బూడిదలో పోసిన పన్నీరే.

“బొగ్గుగనులవారికి ఆకాశముతో నేమి పని?” యని కొందరు పరిహసింతురు. మూసిన తావున గాలిని ఆడించుట, విషవాయువును పసిగట్టుట, రాత్రి షిఫ్టులలో దేహము నిద్రతో పోరాడుట సింగరేణివారికి క్రొత్తవియా? 1889నుండి మనవారు నేలక్రింద నేర్చుచున్న పాఠమిదియే. అడ్రియాల గనిలో దిగు కార్మికుడును, కక్ష్యలో తిరుగు వ్యోమగామియు యంత్రము తోలిన గాలినే పీల్తురు. ఒకని శ్వాసకై కనుగొన్న సాధనము రెండవవానికి దక్కకున్నచో అది యెవరి విజ్ఞానము?

కావున ప్రయోగముల యెంపిక బహిరంగముగా జరుగవలెను. ఎంపికకు కారణములు ప్రకటింపబడవలెను. జిల్లా కళాశాలలకును పిలుపు రావలెను. మంథని జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల మా కాలనీలోనే యున్నది. విద్యార్థులారా! పిలుపు వచ్చువరకు చేతులు ముడుచుకొనక, గనికార్మికునడిగి, వైద్యునడిగి, మీ ప్రశ్నను నేడే వ్రాయుడు. నౌక లేచు శ్రీహరికోట తెలుగు నేల. నేల మనదైనప్పుడు నింగిలో మనమాట యుండవలదా?